గేరు తీసిన చెయ్యి

మొగిలి కొత్త కారు తాళం చెవి జేబులో వేసుకుని ఇంటికి వచ్చాడనీ, అది చూసిన అతని భార్య కనకవ్వ అతని ముందు అన్నం పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వాకిట్లోకి వెళ్లి కూర్చుందనీ కిందటి భాగంలో చదివాం. ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. ఎనిమిదేళ్ల కిందట, రెండువేల అయిదు ఏప్రిల్‌లో, ఓపెన్‌కాస్టు బొగ్గు గని దారిలో మొగిలి నిలిపి దిగిన కంపెనీ జీపు పల్లంలోకి జారి అతని స్నేహితుడు బుచ్చన్న ప్రాణం తీసింది. దాన్ని ఆపబోయిన మొగిలికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేకుండా పోయింది. బండిని గేరులో పెట్టకుండా న్యూట్రల్‌లో వదిలేశాడని విచారణలో తేల్చారు. డ్రైవరు పని పోయింది. గనిలోకి దిగేవాళ్ల టోపీ దీపాలు ఇచ్చి పుచ్చుకునే ల్యాంపు రూములో కూర్చోబెట్టారు. ఆనాడు ఆ జీపులో తిరిగిన ఆఫీసరు అచ్యుతరావే ఇప్పుడు మొగిలికి కబురు పెట్టాడు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. క్లచ్ లేని ఆటోమేటిక్ కారు కొన్నాననీ, దానికి ఎడమ కాలితో పనే లేదనీ, ఆదివారాలు వచ్చి నడపమనీ అడిగాడు. దవాఖాన సర్టిఫికెట్టూ, పెద్దపల్లి రవాణా ఆఫీసులో లైసెన్సు కాగితాలూ దగ్గరుండి చేయించాడు కూడా.

ఆ మొదటి ఆదివారం తెల్లవారింది.

మొగిలి మంచం అంచున కూర్చుని పెట్టుడు కాలి పట్టీలు బిగించుకుంటున్నాడు. కనకవ్వ చాయ్ గ్లాసు తెచ్చి గూట్లో పెట్టింది. రాత్రి దాచుకున్న మాటలు పొద్దున్నే బయటికొచ్చాయి.

"పోతున్నవా?"

"పోతున్న."

"ఒక్క బండి ఒక మనిషిని తిన్నది. నీ కాలు తిన్నది. ఇంక సాలలేదా?"

"ఈ బండికి గేర్లు లేవే. క్లచ్ లేదు. చిన్న పిలగాడు గూడ నడుపుతడట."

"మరి చిన్న పిలగానినే పెట్టుకోమను. నిన్నెందుకు పిలుస్తున్నడు? ఎనిమిదేండ్ల సంది దవాఖాన తొవ్వల కనబడ్డా ముఖం తిప్పుకున్న సారుకు ఇయ్యాల నీ మీద గింత ప్రేమ ఏంది?"

ఆ ప్రశ్న మొగిలికీ తట్టింది. కానీ తట్టిన చోటే దాన్ని వదిలేశాడు. స్టీరింగు మీద చేతులు పెట్టే భాగ్యం మళ్లీ దొరుకుతుంటే కారణాలు వెతికే ఓపిక అతనికి లేదు. ఇరవై రెండేళ్లు జీపు నడిపినవాడు. బొగ్గు దుమ్ములో, వానాకాలపు బురదలో, డంపర్ల మధ్య సందుల్లో, ఎక్కడ ఏ గేరు వెయ్యాలో కన్ను చెప్పకముందే అరచెయ్యి చెప్పేది. ఇంజన్ గొంతు కాస్త బరువెక్కితే చాలు, ఎడమ కాలు క్లచ్ మీదికి పోయేది, చెయ్యి లివరు మీదికి పోయేది. ఆ చెయ్యి ఎనిమిదేళ్లుగా దీపాలకు నంబర్లు చూసి కొక్కేలకు తగిలిస్తోంది.

చాయ్ తాగి బయటికొచ్చాడు. క్వార్టర్ల వరస చివర నల్లా దగ్గర మల్లక్క బిందె పెట్టి నిలబడి ఉంది. బుచ్చన్న భార్య. బుచ్చన్నదీ మొగిలిదీ మంథని దగ్గర ఒకే ఊరు. ఒకే ఏడు బొగ్గు బాయి పనిలో చేరారు. ఒకరింట్లో వండిన కూర ఇంకొకరింటికి పోయేది. బుచ్చన్న పోయాక కంపెనీ ఆమెకు ఆఫీసులో అటెండరు పని ఇచ్చింది. ఆనాటి నుంచి ఆమె మొగిలి వైపు చూడదు. ఇవాళా అంతే. అతను దగ్గరకు రాగానే బిందె సగమే నిండినా చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మొగిలికి అలవాటే. బుచ్చన్న పదకొండో రోజున, దవాఖాన నుంచి, ఇంకా కట్లు విప్పని కాలితో, ఇద్దరు పట్టుకుంటే ఆమె గడప ముందుకు వెళ్లి, "నేనే మరిచిపోయిన వదినా, నా తప్పే" అని ఏడ్చాడు. అప్పుడూ ఆమె ఏమీ అనలేదు. కొంగు తల మీదికి లాక్కుని లేచి లోపలికి పోయింది.

* * *

అచ్యుతరావు బంగ్లా ముందు వేపచెట్టు నీడలో తెల్లటి కారు నిలబడి ఉంది. సీట్లకు వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. అచ్యుతరావు చొక్కా చేతులు మడుచుకుంటూ మెట్లు దిగాడు. గుడివాడ వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట ఇంజనీరుగా వచ్చి ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. వెనకాల వరండాలో అతని భార్య అరుణకుమారి నిలబడింది.

"దండం అమ్మా. మీరు రారా?" అన్నాడు మొగిలి.

"లేదు మొగిలీ, నాకు తలనొప్పిగా ఉంది. మీరు వెళ్లిరండి," అంటూనే ఆమె లోపలికి నడిచింది.

మొగిలి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కింద రెండే పెడళ్లు. ఎడమవైపు ఉండాల్సిన చోట ఖాళీ. లివరు ఉందిగానీ దాని పక్కన ఒకటి, రెండు, మూడు అనే అంకెలు లేవు. నిలువుగా ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

అచ్యుతరావు పక్క సీట్లో కూర్చుని చూపించాడు. "ఇది పార్కింగు. ఇది రివర్సు. ఇది న్యూట్రల్. ఇది డ్రైవు. ముందుకు పోవాలంటే ఇక్కడ పెట్టావంటే మళ్లీ దాన్ని ముట్టుకోనక్కర్లేదు. కుడికాలొక్కటే వాడు. ఎడమకాలు వెనక్కి లాగి పెట్టుకో."

"గేరు మార్చేదెవలు సార్?"

"అదే మార్చుకుంటుంది."

"గుట్ట ఎక్కాలన్నా?"

"ఎక్కాలన్నా అంతే."

మొగిలి లివరు డ్రైవులోకి లాగాడు. బ్రేకు మీద నుంచి కాలు తీశాడు. యాక్సిలరేటరు మీద ఇంకా పెట్టనే లేదు. కారు కదిలింది. నెమ్మదిగా, చప్పుడు లేకుండా, ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు ముందుకు పాకింది.

అతను కిందికి, తన పాదం కేసి చూసుకున్నాడు. నేను ఏమీ చెయ్యలేదు. అయినా కదులుతోంది. కళ్ల ముందు ఆనాటి ఎర్రమట్టి దారి, తనంతట తాను పల్లంలోకి జారుతున్న జీపు, అటు తిరిగి నిలబడ్డ బుచ్చన్న వీపు కనిపించాయి. లేని ఎడమ కాలు క్లచ్ కోసం పరుగెత్తింది. పెట్టుడు కాలు దబ్బున వచ్చి వెడల్పాటి బ్రేకు పెడలు మీద పడింది. కారు గక్కున ఆగింది. అచ్యుతరావు నుదురు ముందు అద్దానికి తగిలింది.

"ఏమయ్యా!"

"అదే పోతాంది సార్! నేనేం జెయ్యకముందే పోతాంది!" మొగిలి రెండు చేతులతో స్టీరింగును బిగించి పట్టుకున్నాడు.

"దీని తీరే అంత. బ్రేకు వదిలితే మెల్లగా పాకుతుంది. భయపడకు," అచ్యుతరావు నుదురు రుద్దుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. మొగిలి చేతుల కేసి చూసి, వెంటనే కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

రెండోసారి బాగానే సాగింది. మెయిన్ రోడ్డు ఎక్కారు. ఆదివారం కాబట్టి బొగ్గు లారీలు తక్కువ. దూరంగా కరెంటు ప్లాంటు గొట్టాల పొగ ఆకాశంలో కదలకుండా నిలబడి ఉంది. జూన్ వచ్చినా ఎండ తగ్గలేదు. నాలుగు కిలోమీటర్లు పోయేసరికి కుడికాలు లెక్క పట్టుకుంది. చెయ్యి మాత్రం ఊరుకోలేదు. స్పీడ్‌బ్రేకర్ కనిపించినప్పుడల్లా లివరు మీదికి పోయి, చేయడానికి ఏమీ లేక తిరిగి వచ్చేస్తోంది.

"ఎలా ఉంది?" అచ్యుతరావు అడిగాడు.

"సుఖంగనే ఉంది సార్. గానీ..." మొగిలి మాటలు వెతుక్కున్నాడు. "మన జీపైతే ముచ్చట వెట్టేది. బరువెక్కితే చెప్పేది, అలిసిపోతే చెప్పేది. ఇది ఏమనది. మనమీద పని వడనే వడదు."

"పని పడకపోవడమే మంచిదయ్యా."

"నిజమే సార్. పని మన చేతిల ఉంటేనే కదా తప్పు గూడ మన చేతిల ఉంటది." అనేసి మొగిలి నవ్వబోయాడు. అచ్యుతరావు నవ్వలేదు.

* * *

గోదావరి ఒడ్డుకు దిగే దారి బాగా ఏటవాలుగా ఉంటుంది. కింద రేవు, దాని అవతల నీళ్లు తగ్గిపోయి బయటపడ్డ ఇసుక. సగం దిగాక ఒక రేగిచెట్టు పక్కన ఆపమన్నాడు అచ్యుతరావు.

"ఇక్కడనా సార్? పల్లమున్నది."

"అందుకే ఆపమన్నాను. పల్లంలో ఆపడం కూడా నేర్చుకోవాలి కదా."

మొగిలి ఆపాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. ఎనిమిదేళ్లలో పల్లం కనిపిస్తే సైకిలైనా నిలపని మనిషి. తాళం చెవి తిప్పి ఇంజన్ ఆపి, చెవి బయటికి లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. రాలేదు.

"డ్రైవులో ఉంది చూడు. పార్కింగులో పెట్టేదాకా చెవి రాదు," అన్నాడు అచ్యుతరావు.

లివరు పైకి నెట్టగానే చెవి వచ్చేసింది. మొగిలి ఆశ్చర్యంగా చూశాడు. కిందికి దిగి, ముందు చక్రాల కింద పెట్టడానికి రాయి కోసం అటూ ఇటూ వెతికాడు. అచ్యుతరావు కూడా దిగి వచ్చాడు.

"రాయి అక్కర్లేదు మొగిలీ. లోపల చక్రాలు లాకైపోయాయి."

"లివరు ఎవలన్న గుంజితే?"

"గుంజి చూడు."

మొగిలి తలుపులోంచి వంగి లివరు పట్టుకుని లాగాడు. కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. గోడలో దిగేసిన మేకులా ఉంది.

"అంటే సార్, ఎవలన్న వచ్చి సీట్ల కూసోని ఊకనే ఆడిచ్చినా రాదా?"

"రాదు. చెవి పెట్టాలి, బ్రేకు తొక్కాలి, అప్పుడే వస్తుంది. ఆ రోజు మన జీపుకు ఈ ఏర్పాటు ఉండి ఉంటే, అరుణ ఎంత లాగినా..."

అచ్యుతరావు ఆగిపోయాడు.

రేవులో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు పైదాకా వినిపిస్తోంది. మొగిలి ఇంకా లివరు పట్టుకునే ఉన్నాడు. విన్నది మనసులోకి వెళ్లడానికి కాస్త సమయం పట్టింది. వెళ్లాక కూడా అది మాటలా అనిపించలేదు. మెల్లగా చెయ్యి తీసి, నడుము నిటారుగా చేసి నిలబడ్డాడు.

"ఏమన్నరు సార్?"

అచ్యుతరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాల మీద మరక ఏమీ లేదు.

"సార్. అరుణమ్మ ఎంత గుంజినా అన్నరు. ఏం గుంజింది అరుణమ్మ?"

"చెప్పాలనే నిన్ను ఇంత దూరం తీసుకొచ్చాను," అన్నాడు అచ్యుతరావు. "ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నువ్వు ఆ జీపును పల్లంలోకి జారకుండా రివర్స్ గేరులోనే పెట్టి దిగావు మొగిలీ. నువ్వు మరిచిపోలేదు."

మొగిలి కారు తలుపు పట్టుకున్నాడు.

"ఆ రోజు కొత్త యంత్రం చూపించడానికి ఆఫీసర్ల ఇళ్లలోవాళ్లను తీసుకెళ్లాం కదా. అందరూ దిగారు. అరుణ ఒక్కతే జీపులో ఉండిపోయింది. అప్పటికి వారం నుంచి క్లబ్బు గ్రౌండులో నువ్వే ఆమెకు డ్రైవింగు నేర్పుతున్నావు."

"మీరే నేర్పుమన్నరు."

"నేనే నేర్పమన్నాను. కంపెనీ జీపులో, కంపెనీ డ్రైవరుతో. ఆమె ముందు సీట్లోకి మారి, ఊరికే కూర్చోలేక, చేతికి అలవాటవుతుందని క్లచ్ తొక్కి గేర్లు వేస్తూ తీస్తూ ఉంది. ఇంతలో టీ వచ్చిందని ఎవరో పిలిచారు. దిగిపోయింది. న్యూట్రల్‌లో వదిలి దిగిపోయింది. హ్యాండ్‌బ్రేకు సరిగ్గా పట్టదని నువ్వు అప్పటికే రెండుసార్లు బండి పుస్తకంలో రాశావు. అది కాసేపు ఆపింది. తర్వాత ఆపలేకపోయింది."

మొగిలి ఎడమ కాలు లేని చోట పాదం మండుతున్నట్టనిపించింది. దవాఖానలో మొదటి నెలంతా అలాగే మండేది. ఆ మంచం మీద తెలివి వచ్చిన రోజు అతను అన్న మొదటి మాట "రివర్స్‌ల పెట్టిన" అనే. నర్సుకు చెప్పాడు, కనకవ్వకు చెప్పాడు, వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ సాయంత్రమే అచ్యుతరావు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, 'నేను కళ్లారా చూశాను మొగిలీ, న్యూట్రల్‌లోనే ఉంది, ఎండకు మరిచిపోయి ఉంటావు' అన్నాడు. చదువుకున్నవాడు, ఎప్పుడూ గట్టిగా కూడా మాట్లాడనివాడు, చెయ్యి పట్టుకుని చెబుతున్నాడు. మొగిలి తన అరచేతిని నమ్మడం మానేసి ఆయన్ని నమ్మాడు.

"మీకెప్పుడు ఎరుక సార్?"

"ఆ సాయంత్రమే. దవాఖానకు రావడానికి ముందే అరుణ చెప్పింది."

"అంటే... ఎరుక వడ్డంకనే నా దగ్గరికి వచ్చిండ్రు."

అచ్యుతరావు తల వంచుకున్నాడు.

"బత్తాయిలు తెచ్చిండ్రు," అన్నాడు మొగిలి. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. పైకప్పు కూలిన గనిలో దుమ్ము అణిగేదాకా ఎవరూ కదలకుండా నిలబడతారే, అలా నిలబడ్డాడు.

అచ్యుతరావే మళ్లీ మాట్లాడాడు. ఎనిమిదేళ్లు లోపల దాచిన మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "మనిషి చనిపోయాడు. అరుణ మీద కేసయ్యేది. పిల్లలు చిన్నవాళ్లు. ప్రైవేటుగా జీపు వాడినందుకు నా ఉద్యోగం కూడా పోయేది. ఏం చెయ్యాలో తోచలేదు. అప్పటికే నీ కాలు పోయింది. డాక్టరు తీసేశాడు. ఇక డ్రైవింగు ఎలాగూ చెయ్యలేవు కదా, నీకు కొత్తగా పోయేదేముంది అనుకున్నాను."

మొగిలి ఒక్కసారి తలెత్తాడు.

"పోయేదేమున్నదా?"

"తప్పే. ఒప్పుకుంటున్నాను."

"కాలు పోయింది సార్. అది బండి తీసుకున్నది. బండి మీద నాకు కోపం లేదు. పేరు మీరు తీసుకున్నరు." అతని గొంతు ఇప్పుడు మొదటిసారి పెరిగింది. "ఎనిమిదేండ్లు, దినాం పొద్దుగాల లేవంగనే ఈ చెయ్యి సూసుకున్న. పెట్టిన్నా, పెట్టలేదా? పెట్టిన్నా, పెట్టలేదా? ఒకనాడు పెట్టినట్టే యాదికొస్తది. తెల్లారి సారు అబద్ధమాడతడా అనిపిస్తది. బుచ్చన్న పదకొండో దినం నాడు ఆ తల్లి గడప ముంగట వడి నేనే చంపిన అని ఏడ్చిన సార్! చెయ్యని తప్పుకు ఏడ్చిన! మీరు గప్పుడు ఆడనే నిలవడ్డరు. తెల్ల బట్టలు తొడుక్కోని నిలవడ్డరు."

బట్టల చప్పుడు ఆగింది. రేవులో ఉన్నవాళ్లు పైకి చూస్తున్నారు.

"మెల్లగా మాట్లాడు మొగిలీ."

"ఎందుకు మెల్లగ?"

అచ్యుతరావు రెండు అడుగులు దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అది నిజమైన తడే. "నేను చేసింది సరిదిద్దలేను. చేయగలిగింది ఏదైనా ఉందా అని ఆలోచించాను. నిన్ను మళ్లీ స్టీరింగు ముందు కూర్చోబెట్టాలనిపించింది. నాకీ కారుతో అవసరం లేదు. నా పాత కారు బాగానే నడుస్తోంది. ఎడమ కాలు లేనివాడు ఏ బండి నడపగలడని నాలుగు షోరూములు తిరిగి అడిగాను. ఇది నీ కోసమే కొన్నాను. రిటైరై వెళ్లేటప్పుడు నీ పేరు మీద రాసి ఇచ్చేసి పోదామనుకున్నాను."

మొగిలి కారును చూశాడు. తెల్లటి ఒంటి మీద ఎండ మెరుస్తోంది. ఇందాక నాలుగు కిలోమీటర్ల దారిలో ఎంత సంతోషం అనుభవించాడో గుర్తొచ్చింది. సుఖంగనే ఉంది సార్ అన్నాడు తను. ఆ మనిషితోనే.

"విచారణల రాసింది మార్పిస్తరా?"

అచ్యుతరావు నది కేసి తిరిగాడు.

"నేను అడుగుతున్న. ఆఫీసుకు పోయి, గేరు తీసింది మొగిలి కాదు, నా భార్య అని చెప్తరా? కారు వద్దు. బంగ్లా వద్దు. గా ఒక్క ముచ్చట చెప్తరా?"

"రెండు నెలల్లో రిటైరవుతున్నాను. పెన్షను ఆగిపోతుంది. అరుణ తట్టుకోలేదు. మా అమ్మాయి మైత్రికి సంబంధం కుదిరింది. మనిద్దరి మధ్యే..."

"సాలు సార్."

మొగిలి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పెట్టుడు కాలిని చేత్తో పట్టుకుని లోపలికి లాక్కున్నాడు. చెవి పెట్టాడు. బ్రేకు తొక్కాడు. ఇప్పుడు లివరు మెత్తగా వచ్చింది.

"మొగిలీ, ఎక్కడికి?"

"నా కోసమే కొన్న అన్నరు కద. నేను తీసుకపోతున్న. మీరు ఆటోల రాండ్రి."

అచ్యుతరావు చెయ్యి కిటికీ మీద పడింది. మొగిలి ఆ చేతిని చూశాడు. ఆఫీసరు చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. కారు రేవు దాకా దిగి, తిరిగి, మళ్లీ పైకి ఎక్కింది. రేగిచెట్టు పక్కన ఎండలో నిలబడ్డ తెల్లచొక్కా అద్దంలో చిన్నదవుతూ పోయింది.

* * *

దారిలో ఎలా నడిపాడో, ఎవరికి పక్కకు ఇచ్చాడో అతనికి తెలియదు. చౌరస్తా దగ్గర ఎడమకు తిరిగితే అచ్యుతరావు బంగ్లా. అరుణకుమారి ఒక్కతే ఉంటుంది. ఒక్క క్షణం స్టీరింగు అటే తిరిగింది. ఆ వరండాలో నిలబడి, 'తలనొప్పి తగ్గిందా అమ్మా' అని అడగాలనిపించింది. కానీ ఈ మాట ముందు వినవలసిన మనిషి ఆమె కాదు. ఇంకొకరున్నారు. ఎనిమిదేళ్లుగా సగం నిండిన బిందె తీసుకుని లోపలికి పోయే మనిషి.

క్వార్టర్ల వరసలోకి తెల్లకారు రాగానే వాకిళ్లలో కూర్చున్నవాళ్లు లేచి చూశారు. కనకవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కారు తన ఇంటి ముందు ఆగకుండా పోవడం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మల్లక్క వాకిలి ముందు కారు ఆగింది. మొగిలి పార్కింగులో పెట్టాడు. దిగాడు.

మల్లక్క అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. కారును చూసి ఆఫీసు వాళ్లెవరో అనుకుని కొంగు సర్దుకుంది. దిగింది మొగిలి అని చూసి, చాట పట్టుకుని లేవబోయింది.

"లేవకు వదినా. ఇయ్యాల ఒక్క మాట విను. విన్నంక లోపటికి పో, నేను మళ్ల నీ వాకిట్లకు రాను."

ఎనిమిదేళ్ల తర్వాత ఆ పిలుపు ఆమె చెవిన పడింది. ఆమె లేవలేదు. అతని ముఖంలోకి చూసింది.

మొగిలికి ఏడుపు తన్నుకొచ్చింది. మింగాడు. చెప్పాల్సింది దారి పొడుగునా కూడబలుక్కున్నాడుగానీ, నోట్లోంచి వచ్చింది మాత్రం నాలుగే మాటలు.

"జీపు నేను న్యూట్రల్‌ల ఇడువలే వదినా. రివర్స్‌లనే పెట్టిన. నా అన్న లెక్క సూసుకున్న బుచ్చన్నను నేను చంపలే. ఆనాడు నీ ముంగట ఏడ్చి చెప్పింది, అది నిజం గాదు."

బియ్యంలో ఆమె వేళ్లు ఆగిపోయాయి.

ఆమె అరుస్తుందనుకున్నాడు మొగిలి. తిడుతుందనుకున్నాడు. ఇన్నేళ్లకు తప్పించుకోను వచ్చినవా అని మట్టి తీసి ముఖాన కొడుతుందనుకున్నాడు. నువ్వు కాకపోతే మరి ఎవరు అని అడిగితే, ఆ పేరు చెప్పడానికి గుండె గట్టి చేసుకున్నాడు.

మల్లక్క తెల్లకారును చూసింది. ఆ కారు ఎవరిదో గుర్తుపట్టినట్టు దాని వైపే కాసేపు చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, పక్కింటివాళ్లకు వినపడనంత నెమ్మదిగా అడిగింది:

"నీకు ఎవలు చెప్పిండ్రు?"

'మరి ఎవరు తీశారు' అని ఆమె అడగలేదు. 'ఏం మాట్లాడుతున్నవ్' అని అడగలేదు. ఎవరు చెప్పారని అడిగింది.

"వదినా..." అన్నాడు, అరుగు అంచు పట్టుకుని. "నీకు ముందే ఎరుకనా?"

మల్లక్క చాట కింద పెట్టింది. వీధిలో చూస్తున్న ముఖాలన్నిటినీ ఒకసారి చూసి, లేచి, తలుపు బార్లా తీసింది.

"లోపటికి రా. ఇది వాకిట్ల చెప్పే ముచ్చట గాదు."